పసుపు అడగని ప్రింటరు

పసుపు అయిపోయిందని
నలుపు కూడా వెయ్యనంది నా నాలుగో ప్రింటరు,
పేరంటానికొచ్చి పసుపు అందలేదని
గుమ్మంలోంచే అలిగి వెళ్ళిపోయినావిడలా.
పాల డెయిరీ ఆయన పన్ను కాగితాలకు
సాయంత్రం అయిదే గడువు.
బల్లారట్‌లో జూలై నెల. కిటికీ అద్దం మీద
నా ఊపిరే నాకు అడ్డం నిలబడింది.

ఆరేళ్ళలో నాలుగు.
మొదటిది సూపర్‌మార్కెట్లో కాఫీ పొడి పక్కన దొరికింది,
దానికి పోసే సిరా కన్నా చవగ్గా.
రెండోదానికి వైఫై గుర్తుండేది కాదు.
మూడోది వారంటీ దాటిన మూడో రోజున పోయింది.
అంత సమయపాలన
నా ఖాతాదారుల్లో ఒక్కడికీ లేదు.

స్టర్ట్ వీధి వెనక సందులో జ్లాట్కో కొట్టు.
బోర్డు మీద ఎండకు అన్నీ వెలిసిపోయి
'మరమ్మతు' అన్న మాట ఒక్కటే మిగిలింది.
కొత్తది ఏది కొనమంటావని అడిగాను.
జవాబు చెప్పకుండా మూలనున్న
బూడిద రంగు పెట్టె చూపించి "ఎత్తు" అన్నాడు.
కదల్లేదు.
"అదీ! నువ్వు ఒంటిచేత్తో ఎత్తగలిగినదాన్ని నమ్మకు."

తర్వాత ఏదో బటన్ నొక్కిపట్టాడు.
అది గొంతు సవరించుకుని
తన వయసు తనే కాగితం మీద చెప్పుకుంది:
లక్షా ఎనభై రెండు వేల నాలుగు వందల ఆరు పేజీలు.

అంగళ్ళు సంతలో మా మేనమామ
అమ్మేవాడు చెప్పేదంతా చెప్పనిచ్చి
ఎద్దు మూతి విప్పి చూసేవాడు.
"మాటలకు వయసు తెలీదు పాపా,
పండ్లకు తెలుస్తాది."

ముసలిది కదా అన్నాను.
"వకీళ్ళ ఆఫీసులో రోజూ పనిచేసింది.
ఊరికే కూర్చున్నవే గొంతు ఎండి చస్తాయి,"
అంటూ తన మోకాలు రుద్దుకున్నాడు.
రబ్బరు చక్రాలు కొత్తవి వేశాడు.
డ్రమ్ము ఇంకా ఎన్నేళ్ళు దొరుకుతుందో
మెల్‌బోర్న్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు,
నేను అడగని ప్రశ్న అది.

ధర దగ్గర మాత్రం నాకొక తువ్వాలు కావాలనిపించింది,
దాని కింద చేతులు కలిపి
వేళ్ళతో బేరమాడటానికి.
అట్టముక్క మీద నూట నలభై అని రాశాడు.
నేను నూట ఇరవై అన్నాను.
ఇద్దరం కాసేపు వాన చూశాం.
నూట ముప్ఫై.

నాలుగేళ్ళయింది.
రంగు రాదు దీనికి. పసుపు అడగదు.
కింద చేపల కొట్టు ధరల పట్టీ వేసింది,
మూడిళ్ళ అవతల విడాకుల కాగితాలు వేసింది,
తప్పిపోయిన పిల్లి బొమ్మ నలభై కాపీలు వేసింది.
నారింజ రంగు పిల్లి, అచ్చులో బూడిద రంగుది.
అయినా దొరికింది.

మొన్న మెట్లు ఒక్కొక్కటే ఎక్కి
జ్లాట్కో వచ్చాడు, చేతిలో పెన్‌డ్రైవ్.
జీవితమంతా ప్రింటర్లు బాగుచేసినవాడికి
ఇంట్లో ప్రింటరు లేదట.
'ఈ నెలాఖరుతో కొట్టు మూత' — పన్నెండు కాపీలు.
అక్షరాల వంక చూడలేదు,
తల పక్కకు వంచి చప్పుడు విన్నాడు.
వెచ్చటి కాగితాలు తీసి
రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు చాలాసేపు.

"ఎంతయింది?" అన్నాడు.
బటన్ ఏదో నాకూ తెలుసిప్పుడు.
లక్షా తొంభై తొమ్మిది వేల
తొమ్మిది వందల ఎనభై తొమ్మిది.
"ఇంకో పదకొండు వెయ్యి, చూసి పోతా."
"పది చాలు," అన్నాను, లెక్కలు రాసి బతికేదాన్ని కదా,
"లెక్క చెప్పే కాగితమే పదకొండోది."

కోటు విప్పకుండానే
కుర్చీ దాని పక్కకు లాక్కున్నాడు.
ఏం వెయ్యాలో తోచక
తెల్ల కాగితాలే పెట్టాను,
ఒక్కొక్కటే.